పిల్లాడి దగ్గు, కిటికీ అవతల పొగ: మన హన్మకొండ గాలి సంగతేంటి?

రవళి_నక్కలగుట్ట
నవంబర్ 24, ఉదయం 7:10

అందరికీ నమస్తే. మా బాబుకు ఆరేళ్లు. దసరా వెళ్లిందంటే చాలు దగ్గు మొదలు, సంక్రాంతి దాటేదాకా వదలదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు, ఛాతీలో పిల్లికూతలు నాకు పక్కన పడుకుంటేనే వినిపిస్తాయి. పోయినేడు మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టించాం. పిల్లల డాక్టర్ గారు పంపు (ఇన్‌హేలర్) రాశారు, మా అత్తమ్మ మాత్రం పంపు అలవాటైతే జన్మంతా వదలదు అంటున్నారు, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. అసలు నా డౌట్ వేరే. పొద్దున కిటికీ తీస్తే కాలిన వాసన వస్తుంది, బాల్కనీ గ్రిల్ తుడిచిన రెండో రోజుకే వేలితో పేరు రాయొచ్చు. ఫోన్‌లో గాలి నంబర్ చూస్తే ఒక యాప్‌లో పచ్చ రంగు, ఇంకోదాంట్లో ఆరెంజ్. ఏది నమ్మాలి? మన ఊళ్లో గాలి నిజంగా పాడైందా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

వడ్డేపల్లి_వాకర్
నవంబర్ 24, ఉదయం 7:48

అమ్మా, రిటైరై పదకొండేళ్లయింది, ఒక్కరోజు మానకుండా పొద్దున ఐదింటికే చెరువు కట్ట మీద నడుస్తున్నాను. నాకు దగ్గూ లేదు జలుబూ లేదు. హైదరాబాద్‌తో పోలిస్తే మన గాలి బంగారం. ఈ కాలం పిల్లల్ని దుబ్బలో ఆడనివ్వరు, ఏసీ గదుల్లో పెంచుతారు, అందుకే తట్టుకునే శక్తి ఉండదు. టెన్షన్ పడకండి.

ఎర్రబస్సు
నవంబర్ 24, ఉదయం 8:02

సార్ గారూ, మీ కట్ట మీద బంగారమే. ఒక్కసారి సాయంత్రం ఆరింటికి హన్మకొండ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడి, ఇంటికెళ్లి తెల్ల దస్తీతో ముక్కు తుడుచుకోండి. తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల_సారు
నవంబర్ 24, ఉదయం 9:30

రవళి గారూ, రెండు యాప్‌లూ అబద్ధం చెప్పట్లేదు. ఒకే గాలిని రెండు స్కేళ్లతో కొలుస్తున్నాయి, అంతే.

మన దేశంలో వాడే గాలి నాణ్యత సూచీ 2015లో మొదలైంది. ఎనిమిది కాలుష్యాలను విడివిడిగా లెక్కేసి వాటిలో అన్నిటికంటే చెడ్డ అంకెనే మనకు చూపిస్తారు. సరాసరి కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ఆ చెడ్డ అంకె ఎక్కువసార్లు సన్న ధూళిదే అవుతుంది, అంటే పీఎం 10 లేదా పీఎం 2.5. ఈ 10, 2.5 అనేవి రేణువు వ్యాసం, మైక్రోమీటర్లలో. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 ఉంటుందనుకుంటే, 2.5 ఎంత చిన్నదో మీరే చూసుకోండి.

ఇప్పుడు ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 సరిగ్గా 45 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. మన స్కేలులో 30 నుంచి 60 మధ్య ఉంటే సూచీ 50 నుంచి 100 మధ్య వస్తుంది, కాబట్టి 75. రంగు పచ్చే, పేరు 'సంతృప్తికరం'. అదే 45ను అమెరికా స్కేలులో పెడితే 124 దాకా పోతుంది, ఆరెంజ్, పిల్లలూ ఉబ్బసం ఉన్నవాళ్లూ జాగ్రత్త అని చెబుతుంది. మీ పచ్చా ఆరెంజ్ గొడవ ఇదే అయ్యుంటుంది.

ఇక హద్దుల సంగతి. మన 2009 ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజుకు 60, ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు రోజుకు 15, ఏడాదికి 5. అంటే మనం పాసైన పేపర్‌లోనే వాళ్లు మనల్ని ఫెయిల్ చేస్తారు. ఇంకో మెలిక ఏంటంటే, దగ్గరలో గాలి కొలిచే మిషన్ లేనిచోట చాలా యాప్‌లు ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ అంచనాలతో నంబర్ వేసేస్తాయి. మీ వీధిలో ఎవరైనా టైరు తగలబెడితే ఆ అంచనాకు తెలియదు, మీ ముక్కుకు తెలుస్తుంది.

వడ్డేపల్లి_వాకర్
నవంబర్ 24, ఉదయం 9:41

కనపడని రేణువులకు ఇంత లెక్కా! మా రోజుల్లో ఇంటింటా కట్టెల పొయ్యే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఊపిరితిత్తుల_పీజీ
నవంబర్ 24, మధ్యాహ్నం 2:15

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. వాకర్ గారూ, ఏమీ కాలేదు అనకండి. జీవితంలో బీడీ ముట్టని అరవై ఏళ్ల అవ్వలు దమ్ము లేస్తోందని మా వార్డుకు వస్తారు, ఊపిరితిత్తులు చూస్తే ముప్ఫై ఏళ్లు పొగ తాగినవాళ్లలా ఉంటాయి. అదంతా పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న పుణ్యం. గ్యాస్ సిలిండర్ వచ్చాక ఆ కష్టం తగ్గింది, కానీ పాడైన ఊపిరితిత్తి మళ్లీ కొత్తది కాదు.

రవళి గారూ, బాబును చూడకుండా నేను జబ్బు పేరు చెప్పకూడదు. మామూలుగా ఎలా జరుగుతుందో మాత్రం చెబుతాను. పెద్ద ధూళి చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, చీదితే ఉమ్మితే పోతుంది. 2.5 కంటే సన్నది ఊపిరితిత్తుల్లో చివరి గాలి తిత్తులదాకా పోతుంది, అందులోనూ మరీ సన్నది రక్తంలోకి దిగుతుంది. అందుకే దీన్ని దగ్గు సమస్యగా మాత్రమే చూడకూడదు. గుండెపోటుకూ పక్షవాతానికీ, గర్భిణి పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ దీనితో సంబంధం ఉంది. బయటి గాలి కాలుష్యాన్ని 2013లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో చేర్చింది. పిల్లలకు గాలి గొట్టాలు సన్నగా ఉంటాయి, పైగా ఒంటి బరువుతో పోల్చి చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. చలికాలంలో వైరస్‌లు కూడా తోడవుతాయి కాబట్టి ప్రతి దగ్గునూ పొగ మీదకు నెట్టకూడదు.

పంపు గురించి మీ అత్తమ్మకు నా మాటగా చెప్పండి. పంపు అలవాటు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తికే పోతుంది, డోసు సిరప్‌కంటే చాలా తక్కువ. కాస్త తగ్గిందని మధ్యలో ఆపేయడమే అసలు ప్రమాదం.

ఒక ప్రశ్న. రాత్రి పడుకునే గదిలో దోమల కాయిల్ వెలిగిస్తారా? ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధన వచ్చింది. రోడ్డు మీద లారీని తిట్టుకుంటూ తలుపులు బిగించి కాయిల్ వెలిగించే ఇళ్లు నాకు చాలా తెలుసు. మా ఇల్లు కూడా ఒకప్పుడు అందులో ఒకటి.

ఎర్రబస్సు
నవంబర్ 24, మధ్యాహ్నం 2:31

137 సిగరెట్లా! మా నాన్న నేను ఒక్క సిగరెట్ తాగినందుకు కొట్టాడు, కాయిల్ మాత్రం ఆయనే కొనుక్కొచ్చేవాడు.

ఎనుమాముల_బిడ్డ
నవంబర్ 24, రాత్రి 9:05

డాక్టర్ సార్ బాగా చెప్పారు. కానీ గాలి అంటే అందరూ కార్లూ ఆటోలే మాట్లాడుతున్నారు, జర మా ఎనుమాముల మార్కెట్ యార్డు దిక్కు కూడా చూడండి. మా నాన్న మార్కెట్‌లో హమాలీ. జనవరి నుంచి మిర్చి సీజన్, తేజ రకం బస్తాలు విప్పి కుప్ప పోస్తే ఆ ఘాటుకు కొత్తవాళ్లు ఐదు నిమిషాలు కూడా నిలబడలేరు. తుమ్ములు, కళ్లల్లో మంట. వాళ్లు మాత్రం ముక్కుకు తువ్వాల చుట్టుకుని రోజంతా మోస్తారు. ఎండాకాలం వచ్చేసరికి నాన్న గొంతు బొంగురుపోతుంది, మాకది అలవాటైపోయింది.

మా తాత ఇంకో సంగతి చెప్పేవాడు. ఆయన బట్టల మిల్లులో దూది విభాగంలో పనిచేశాడు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగితే ఛాతీ పట్టేసేదట, మంగళ బుధవారాలకు కాస్త తగ్గేదట. పనికి బద్ధకమై నాటకాలు ఆడుతున్నారని సూపర్‌వైజర్లు నవ్వేవాళ్లట. డాక్టర్ సార్, అది నిజంగా జబ్బేనా?

ఊపిరితిత్తుల_పీజీ
నవంబర్ 24, రాత్రి 10:20

నిజం జబ్బే. బిస్సినోసిస్ అంటారు, దూది దుమ్ముతో వస్తుంది. సెలవు తర్వాత మొదటి రోజే ఛాతీ పట్టేయడం దాని గుర్తు. మీ తాత లక్షణాన్ని పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. నాన్నకు తువ్వాల చాలదు. మిర్చి పొడి కొంత ఆగుతుందేమో గానీ సన్న ధూళి ఆగదు, గుడ్డ మాస్క్ కూడా అంతే. ఎన్95 మాస్క్ అయితే 0.3 మైక్రోమీటర్ల రేణువుల్లో 95 శాతం పట్టుకుంటుంది, అదీ ముఖానికి సందు లేకుండా బిగుతుగా ఉంటేనే. ఆ ఎండలో, బస్తా మోస్తూ రోజంతా పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, కనీసం కుప్ప పోసేటప్పుడు, ఊడ్చేటప్పుడైనా పెట్టుకోమనండి.

వడ్డేపల్లి_వాకర్
నవంబర్ 25, ఉదయం 6:55

అసలు దోషులు రైతులు. కోత అయిపోగానే కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. మొన్న హసన్‌పర్తి దాటి వెళ్తే రోడ్డు కనపడలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఎనుమాముల_బిడ్డ
నవంబర్ 25, ఉదయం 8:20

మాట్లాడదాం సార్, మాకూ రెండెకరాలుంది. అప్పుడు కొడవలితో మొదలుకంటా కోసేవాళ్లు, గడ్డి బర్రెలకు పోయేది. ఇప్పుడు హార్వెస్టర్ మోకాలెత్తున వదిలేసి పోతుంది, ఊళ్లో బర్రెలు లేవు, యాసంగి నారుకు పట్టుమని నెల టైం ఉండదు. కట్టలు కట్టే మిషన్ అందరికీ ఒకేసారి కావాలి. అగ్గిపెట్టె రెండు రూపాయలే. కాల్చడం తప్పే, నేల పైపొరలో సూక్ష్మజీవులు కూడా చస్తాయి, వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెబుతూనే ఉంటారు. మేము పోయినేడు నీళ్లు పెట్టి రోటవేటర్‌తో కలియదున్నేశాం, ఎకరానికి ఇంకోసారి దున్నినంత డీజిల్ ఎక్కువైంది, అంతే. కానీ పత్తి కట్టెకు మాత్రం ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. ఒక మాట, కొయ్యకాళ్లు ఏడాదికి ఒకట్రెండు వారాలే కాలతాయి. మీ కాలనీలో చెత్త రోజూ కాలుతుంది.

ఖని_పోరడు
నవంబర్ 25, ఉదయం 11:40

హన్మకొండోళ్లు దుబ్బ దుబ్బ అంటుంటే నవ్వొస్తున్నది. గోదావరిఖని రండి, తెల్ల అంగీ దండెం మీద ఆరేయండి, సాయంత్రానికి బూడిద రంగు. ఒక దిక్కు ఓపెన్ కాస్టు బొగ్గు గని, ఒక దిక్కు కరెంటు ప్లాంటు బూడిద చెరువు, నడుమ మా ఊరు. ఎండాకాలం గాలిదుమారం లేస్తే ఆ బూడిద ఇండ్లల్లోకి వస్తుంది, వంటగిన్నెల మీద మూత తీయాలంటే భయం. పరదా లేకుండా బొగ్గు లారీ పోతే వెనక బండి మీద ఉన్నోడి మొఖం చూడాలి. మా నాన్న బాయిలో పనిచేసినోడే, బొగ్గే మాకు బువ్వ పెట్టింది, అందుకే ఎక్కువ మాట్లాడను. కానీ లారీకి పరదా కట్టడానికీ, రోడ్డు మీద నీళ్లు కొట్టడానికీ ఏం కొత్త టెక్నాలజీ కావాలి చెప్పండి.

కరీంనగర్ దిక్కు గ్రానైట్ కటింగ్‌లో మా బావమరిది ఉన్నాడు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు, పొడిగా కోస్తే రాతిపొడి నేరుగా లోపలికి. ఆ రాతిపొడి జబ్బు వస్తే మందు లేదంట కదా డాక్టర్ సార్?

ఊపిరితిత్తుల_పీజీ
నవంబర్ 25, మధ్యాహ్నం 1:05

సిలికోసిస్. నయమయ్యే మందు లేదు, టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. నీళ్లతోనే కోయమనండి.

ఢిల్లీలో_ఓరుగల్లు
నవంబర్ 25, రాత్రి 11:15

కాజీపేటలో పుట్టి పెరిగాను, ఢిల్లీలో ఉద్యోగం చేయబట్టి తొమ్మిదేళ్లు. ఇక్కడ ఆరేళ్ల పిల్లలు కూడా ఇవాళ నంబర్ ఎంత అని అడుగుతారు. దీపావళి దాటాక మా అమ్మ వచ్చి నాలుగు రోజులుంది, ఐదో రోజు టికెట్ బుక్ చేయమంది.

మన ఊరివాళ్లు అనుకుంటారు, అంత పెద్ద నగరానికి డబ్బుంది, ఏదో ఒకటి చేస్తారని. చేశారు. 1998లో సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది, 2002 చివరికి సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి, అప్పుడు తేడా కనిపించింది. తర్వాత కార్లు, స్కూటర్లు, కట్టడాలు పెరిగి ఆ లాభాన్ని మింగేశాయి. 2016 జనవరిలో కార్లకు రోజు విడిచి రోజు సరి బేసి నంబర్లు పెట్టారు. 2017 నుంచి దశలవారీ ప్లాన్ ఒకటి ఉంది, సూచీ 200 దాటితే కొన్ని ఆంక్షలు, 300 దాటితే ఇంకొన్ని, 400 దాటితే కట్టడాలు ఆపేస్తారు, 450 దాటితే లారీలను బయటే ఆపి స్కూళ్లు ఆన్‌లైన్ చేస్తారు. అంటే గాలి పాడయ్యాక పరిగెత్తడం. 2021లో కన్నాట్ ప్లేస్ దగ్గర పెద్ద స్మాగ్ టవర్ కట్టారు, ఆరుబయట గాలిని ఫ్యాన్లు పెట్టి వడకట్టడం! చెరువు నీళ్లను టీ వడకట్టే జాలీతో వడకట్టినట్టు. ఇంట్లో ప్యూరిఫైయర్ ఉంది, తలుపులు మూసినంతసేపు పనిచేస్తుంది, కూరగాయలవాడు పిలిస్తే తలుపు తీస్తాం, మళ్లీ మొదటికి.

లండన్ కథ కూడా ఇలాంటిదే. 1952 డిసెంబర్‌లో ఐదు రోజులు బొగ్గు పొగ, మంచు కలిసి కమ్మేస్తే మొదటి లెక్క ప్రకారమే 4 వేల మంది పోయారు, తర్వాతి లెక్కలు 12 వేల దాకా చెప్పాయి. నాలుగేళ్లకు చట్టం తెచ్చి ఇళ్లలో ఏం కాల్చాలో, ఎక్కడ కాల్చకూడదో నిర్ణయించారు. పొగను పుట్టేచోటే ఆపారు. వరంగల్ ఇంకా ఢిల్లీ కాలేదు, కాబట్టి అక్కడ ఇప్పుడు చేసే పని చవక. నాకు కుళ్లుగా ఉందనుకోండి, పర్లేదు.

ఎర్రబస్సు
నవంబర్ 26, ఉదయం 7:30

అన్నా, వచ్చేయ్. కాజీపేటలో రైలు దిగితే చాలు, మిగతా దుమ్ము మేం చూసుకుంటాం. నిజం చెప్పాలంటే బండ్ల పొగ కొంచెం మారింది. 2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగకు బీఎస్ 6 ప్రమాణం వచ్చింది కదా, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దించారు. కరీంనగర్ రూట్‌లో ఎలక్ట్రిక్ బస్సు ఎక్కా, శబ్దం లేక నిద్రపోయి స్టాప్ దాటిపోయా. కానీ పదిహేనేళ్ల ఆటోలు అలాగే ఉన్నాయి, పొగ సర్టిఫికెట్ మాత్రం అన్నిటికీ ఉంటుంది, అదెలాగో అడగొద్దు.

లెక్కల_సారు
నవంబర్ 26, ఉదయం 10:10

ఓరుగల్లు గారు మంచి మాట అన్నారు. దేశవ్యాప్త స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది, 130 నగరాలు ఉన్నాయి. మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. వరంగల్ లేదు. జాబితాలోకి ఎక్కువగా వరుసగా ఐదేళ్లు ప్రమాణం దాటిన ఊళ్లే వెళ్లాయి. మనం లేకపోవడం సంతోషమే, కానీ ఆ నిధులు, ఆ ప్లాన్ కూడా మనకు రావు. ఇంకోటి, చేత్తో నడిపే గాలి కొలత స్టేషన్లలో వారానికి రెండు రోజులే కొలుస్తారు, ఏడాదికి 104 రోజులు. మిగతా 261 రోజులు మీ వీధిలో ఏం కాలిందో ఆ రిజిస్టర్‌కు ఎక్కదు.

ఫ్యాక్టరీల విషయంలో సూరత్ ప్రయోగం నాకు నచ్చింది. 2019లో ధూళికి వాటాలు పంచి, తక్కువ వదిలినవాడు ఎక్కువ వదిలేవాడికి అమ్ముకునేలా మార్కెట్ పెట్టారు. దానిలో చేరిన కర్మాగారాల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. కానీ దానికి ముందు ప్రతి పొగగొట్టానికీ మిషన్ పెట్టి కొలవాల్సి వచ్చింది. కొలవకుండా ఏదీ తగ్గదు.

వాకర్ గారూ, మీకొక లెక్క. చలికాలం రాత్రి నేల చల్లబడుతుంది, నేలకు ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన వెచ్చటి గాలి గిన్నెకు మూతలా కూర్చుంటుంది. రాత్రంతా వచ్చిన పొగ, దుమ్ము కిందే ఉండిపోతాయి. ఎండ ఎక్కాక గానీ మూత లేవదు. అంటే మీరు స్వచ్ఛమైన గాలి అనుకుని గట్టిగా పీల్చే ఐదున్నరకే గాలి అన్నిటికంటే మురికిగా ఉండొచ్చు. అదే టైంకు రోడ్లు పొడి చీపుర్లతో ఊడుస్తారు కూడా.

వడ్డేపల్లి_వాకర్
నవంబర్ 26, ఉదయం 10:25

అంటే పదకొండేళ్లు నేను చేసింది ఏంటి?

ఎర్రబస్సు
నవంబర్ 26, ఉదయం 10:26

వడపోత సార్.

మోడరేటర్
నవంబర్ 26, ఉదయం 11:00

పెద్దవాళ్ల మీద జోకులు చాలు. ఎర్రబస్సు గారూ, ఇది రెండోసారి.

రవళి_నక్కలగుట్ట
నవంబర్ 27, రాత్రి 8:40

ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నాను, రాయడానికి మొహం చెల్లలేదు. డాక్టర్ గారూ, అవును, కాయిల్ వెలిగిస్తాం. బాబు మంచం కిందే. ఆదివారం నుంచి ఆపేసి దోమతెర కట్టాం. మూడు రాత్రుల్లో ఏం తేలుతుందో తెలియదు గానీ నిన్న వాడు తెల్లారేదాకా లేవలేదు. పంపు కూడా మొదలుపెట్టాం, మీ మాట చదివి వినిపించాక అత్తమ్మ ఏమీ అనలేదు, పంపు వేసేటప్పుడు మాత్రం పక్క గదిలోకి వెళ్తున్నారు.

రెండోది ఇంకా సిగ్గుచేటు. ఆ కాలిన వాసన ఎక్కడిదో చూద్దామని నిన్న ఐదున్నరకు కిందికి దిగాను. మా అపార్ట్‌మెంట్ వెనక మా వాచ్‌మనే! ఎండుటాకులు, పాల కవర్లు, పార్సిల్ డబ్బాలు కలిపి కుప్ప వేసి తగలబెడుతున్నాడు. నేను అరిచాను. ఆయన చాలా నెమ్మదిగా, చెత్త ఆటోలో ఆకులు వేస్తే తీసుకోరమ్మా, ఉంచితే మూడో అంతస్తు సార్ తిడతారు, నన్నేం చేయమంటారు అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ పొగలో రోజూ నిలబడేది ఆయన, ఆయన భార్య, వాళ్ల చిన్నపాప. నేను నాలుగో అంతస్తులో కిటికీ మూసుకుంటున్నాను.

ఢిల్లీలో_ఓరుగల్లు
నవంబర్ 27, రాత్రి 9:15

చెత్త కాలిస్తే 5 వేలు, పెద్దఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. కానీ దాన్ని వాచ్‌మన్ మీద వేస్తే మహాపాపం. అసోసియేషన్ మీద వేయాలి.

ఎనుమాముల_బిడ్డ
నవంబర్ 27, రాత్రి 9:50

అక్కా, ఆకులకు గుంత చాలు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల లోతు, ఒక పొర ఆకులు, ఒక పొర మట్టి, మధ్యమధ్య పేడ నీళ్లు. వానాకాలం వచ్చేసరికి ఎరువైపోతుంది. ప్లాస్టిక్ కవర్లు మాత్రం విడిగా ఆటోకు ఇవ్వండి, అవి గుంతలో వేస్తే ఎరువు కాదు, తలనొప్పి. పేడ కావాలంటే నేను తెస్తా, మా ఊళ్లో ఇంకా రెండు బర్రెలున్నాయి.

వడ్డేపల్లి_వాకర్
నవంబర్ 28, ఉదయం 9:20

ఇప్పుడే వాకింగ్ నుంచి వచ్చాను, ఎనిమిదింటికి వెళ్లాను. ఎండ కొడుతోంది, తోటివాళ్లు ఎవరూ లేరు, బోరు కొట్టింది. రవళి గారూ, మీ అపార్ట్‌మెంట్ ఏ వీధి? మా ఇంట్లో పార, గడ్డపార ఉన్నాయి, ఊరికే తుప్పు పడుతున్నాయి.

రవళి_నక్కలగుట్ట
నవంబర్ 28, ఉదయం 9:44

మెసేజ్ పెట్టాను సార్. ఆదివారం పదింటికి రండి, మూత లేచాక.